కొత్తపేటకు ఆ పేరెందుకొచ్చింది

కొత్తపేట లేని పట్టణం మనవైపు ఎక్కడుంది? పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకునే తీరిక లేనప్పుడు మనవాళ్లు పెట్టే పేరది. కలకత్తాలో, గార్డెన్ రీచ్ దగ్గర కాలవ అవతల కూడా ఒక కొత్తపేట ఉంది. మునిసిపాలిటీలో వీధులూడ్చే తెలుగువాళ్ల బస్తీ. కాలవకు ఇవతల రేవు కూలీల పాతపేట. రెండు చోట్లా ఉన్నది శ్రీకాకుళం జిల్లా మనుషులే.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో కొత్తపేట కుర్రకారు క్లబ్బు పెట్టి, బస్తీ మొగలో బోర్డు కట్టాలనుకున్నారు. ఆ పేరెలా వచ్చిందో కింద రెండు ముక్కలు రాయించాలని హైమ పట్టుబట్టింది. హైస్కూల్లో చదువుతున్న పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవబోతే తడబడుతుంది. వాళ్ల నాయనమ్మ సన్యాసమ్మను అడిగితే, "నాకేటి తెల్దమ్మా" అనేసింది. దాంతో పాతపేటకొచ్చి గవరయ్యను పట్టుకుంది. కూలీలంతా ఒక్కటేనని రేవు యూనియన్లో ముప్పయ్యేళ్లు జెండా మోసిన మనిషి ఆయన. అరవై దాటినా మైకు దొరికితే వదలడు.

"తాతా, మా పేటకి ఆ పేరెలాగొచ్చింది?"

గవరయ్య ముందు ఆ పిల్లను కూర్చోమని పీట వాల్చాడు.

ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? ముప్పయ్యొక్క ఏళ్ల కిందట అందరూ ఈ ఒడ్డునే ఉండేవారు. ఆ వానాకాలం కలరా వచ్చి రేవు కూలీల పిల్లలు ముగ్గురు పోయారు. పెంట ఎత్తేవాళ్లు కుళాయి ముట్టుకోబట్టే వచ్చిందని ఎవరో అన్నారు. ఆ ఎవరో గవరయ్యే. పొద్దుగూకేలోగా వాళ్లంతా కాలవ దాటిపోవాలన్నాడు. సన్యాసమ్మ ఇంటి పెంకులు తన చేత్తోనే లాగేశాడు. అప్పుడామె పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. ఉడికీ ఉడకని ఆ కుండ నెత్తిన పెట్టుకుని, హైమ తండ్రిని చంకనేసుకుని, మోకాలిలోతు బురదలో దాటిపోయింది.

వాళ్లు పోయాక కూడా పాతపేటలో మరో ఇద్దరు పిల్లలు చచ్చిపోయారు. మురుక్కాలవలో మంచినీళ్ల గొట్టం పగిలిందని తర్వాత తేలింది. అయినా ఒక్కరూ అవతలికెళ్లి, తిరిగి రండి అనలేదు. గవరయ్య అసలే వెళ్లలేదు.

"ఊర్నించి జనం పెరిగిపోనారమ్మా. ఇక్కడ చోటు చాల్లేదు. మీవోళ్లు అటు కొత్తగా ఇళ్లేసుకున్నారు, అంతే," అన్నాడు.

హైమ బుద్ధిగా బెంగాలీలో రాసుకుని వెళ్లిపోయింది. ఆయనకు మాత్రం ఆ రోజునుంచి అన్నం సయించలేదు. ముసలితనంలో కూడా ఇంత పిరికితనమా అని తనమీద తనకే రోత పుట్టింది.

ఆదివారం బోర్డు దగ్గరికి పెద్దమనిషిగా రమ్మంటే కొత్తపేటకు వెళ్లాడు. నిచ్చెనెక్కిన పెయింటరు అప్పటికే ఆ అబద్ధాన్ని ఎర్రరంగుతో ముచ్చటగా దిద్దుతున్నాడు. రెండు పేటల పిల్లలూ క్యారమ్ బోర్డు చుట్టూ మూగి అరుచుకుంటున్నారు. సన్యాసమ్మ ఓ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. గవరయ్య తిన్నగా ఆమె దగ్గరికెళ్లాడు.

"సన్యాసమ్మా, నాను అబద్దం సెప్పినాను. ఇప్పుడే అందరి ముందూ నిజం సెప్పేస్తాను. ఆ రాత సెరిపించేస్తాను."

"వద్దు బాబూ," అంది ఆమె మెల్లగా. "ఆయేల్టి సంగతి మా పిల్లలకి సెప్పలేదు నాను. మా ఆయన్నీ సెప్పనివ్వలేదు."

"నా పరువు కోసమా?" అన్నాడు ఆయన.

ఆమె ఎగాదిగా చూసింది. "నీ పరువు ఎవులికి గావాల? తెలిస్తే మా గుంటలు మీ గుంటలతో ఆడరు. మావేటి తప్పు సేసినామోనని ఎతుక్కుంటారు. నానెతుక్కున్నాను బాబూ, శానా ఏళ్లు."

ఆమె తిడుతుందనుకుని వచ్చాడు గవరయ్య, తిడితే బాగుండేది. తప్పు ఒప్పుకుని తేలికపడే దారి కూడా లేదని అప్పుడర్థమైంది.

"తాతా, సరిగ్గా రాయించామా?" హైమ గట్టిగా అడిగింది. అందరూ ఆయనవైపు తిరిగారు.

"సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు తలొంచుకుని.

అంతా చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మ కూడా కొట్టింది.