లాజరు మీదికి వచ్చిన బంతి

మూడో గేము ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే కప్పు వాళ్ళది. డెబ్బై నాలుగులో కంకిపాడులో జరిగిన బాల్ బ్యాడ్మింటన్ ఫైనల్ అది. అటు మంగళగిరి జట్టు, ఇటు మా పటమట జట్టు, వైపుకి ఐదుగురం.

నిజానికి ఆ రోజు నాకు కప్పు ముఖ్యం కాదు, మా బావమరిది లాజరు ముఖ్యం. ఒక చక్కెర ఫ్యాక్టరీవాళ్ళు తమ జట్టులో వెనక వరసలో ఆడేవాడి కోసం వెతుకుతున్నారు. నచ్చితే గుమాస్తా ఉద్యోగమే ఇస్తారట. ఆ జట్టు మేనేజరు రామకోటేశ్వరరావు గారు లైను పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. లాజరు హయ్యర్ టైపు పాసై మూడేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. అందుకే పొద్దున బయల్దేరబోతుంటే మా ఆవిడ అమలమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఏమయ్యా, ఆటలో దిగితే నీకు ఒళ్ళు తెలవదు. వాడి బంతులు వాణ్ణి ఆడనియ్యి. నీకు దణ్ణం పెడతా.”

“నేనేమన్నా పిచ్చోణ్ణా?” అని కసిరాను.

పిచ్చివాణ్ణే! నా చోటు ముందు వరసలో, నెట్టు దగ్గర. మొదటి రెండు గేములూ అక్కడే బుద్ధిగా నిలబడ్డాను. మూడో గేము మొదట్లోనే లాజరు వరసగా రెండు బంతులు నెట్టుకి కొట్టాడు. అంతే, నాకు తిక్క రేగింది. అక్కణ్ణించి వెనక్కి పోయే ప్రతి బంతీ ఎగిరి నేనే అందుకున్నాను.

“బావా, వదులు!” అని అరిచాడు వాడు.

“నోర్మూసుకుని నిలబడరా!” అన్నాను.

ఇప్పుడు మంగళగిరివాళ్ళు కొట్టిన ఉన్ని బంతి ఎత్తుగా లేచి, నా నెత్తి మీదుగా సూటిగా లాజరు మీదికి పోతోంది. వాడు బ్యాటెత్తి సిద్ధంగా ఉన్నాడు. వదిలెయ్, వదిలెయ్ అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ వాడు ఇది కూడా నెట్టుకి కొడితే? ఉద్యోగమూ పోయె, కప్పూ పోయె! రెండంగల్లో వెనక్కి ఉరికి, వాడికి అడ్డంగా ఎగిరి కొట్టాను. బంతి అవతలి మూల పడింది. ఎవరికీ అందలేదు.

“అంతోనీ! అంతోనీ!” అంటూ జనం నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ పైనుంచే చూశాను. మేనేజరు గారు మంగళగిరి వెనక వరసవాణ్ణి పక్కకి పిలిచి పేరు రాసుకుంటున్నారు. కిందికి దూకి పరిగెత్తాను.

“ఇదేం న్యాయమండీ? మావాణ్ణి వదిలేసి ఓడినోణ్ణి తీసుకుంటారా?”

ఆయన కోప్పడలేదు. “మీవాడికి ఆట రాదని నేనన్లేదండీ. ఆ రెండు బంతులూ పోయాక వాడికి మీరు ఇంకొక్కటన్నా మిగిల్చారా? నేనేం చూసి తీసుకోవాలి, మీరే చెప్పండి.”

లాజరు నా వెనకే నిలబడి అంతా విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు నా చొక్కా తెచ్చి చేతికిచ్చాడు.

పటమటలో బస్సు దిగాం. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“బావా, నేనే సరిగ్గా ఆడలేదని అక్కతో చెప్తా. నువ్వు మాత్రం ఇంట్లో నోరెత్తబాక.”

నేను సరే అన్నాను.