ఎర్రగడ్డ పొట్టు

గోవిందయ్య పొట్టు తీస్తూనే ఉన్నాడు. ఎర్రగడ్డ తల కోసి, తోక కోసి, నడుం మీద ఒక గాటు పెట్టి, చొక్కా విప్పినట్టు పైపొర విప్పేస్తాడు. పొట్టు ఎడమ పక్క బకెట్టులోకి, గడ్డ కుడి పక్క తట్టలోకి. మధ్యలో కత్తిపీట, కత్తిపీట వెనక గోవిందయ్య, గోవిందయ్య వెనక గోడ. ఇక వెనక్కి జరగడానికి చోటు లేదు, వయసులాగే.

కర్నూలు పాతబస్టాండు దగ్గర మెస్సులో ఆయనది కూరలు తరిగే పని. ఒకప్పుడు మార్కెట్టు యార్డులో సొంత కొట్టుండేది. రైతు తెచ్చిన ఎర్రగడ్డ బస్తాకు తడికింత, మట్టికింత అని తూకంలో తరుగు తీసేవాడు. ఆనాడు తరుగు తీసిన చేతులే ఈనాడు తరుగుతున్నాయి. ఒక ఏడు ధర పడిపోయింది, ఇంకో ఏడు గోడౌనులో సరుకంతా మొలకలెత్తింది. కొట్టు పోయి పొట్టు మిగిలింది. ఈ మాట మొదట్లో ఆయనే అని ఆయనే నవ్వేవాడు. ఇప్పుడు మెస్సులో వాళ్లంటారు, ఆయన తల ఊపుతాడు. ఉల్లి ఘాటుకు కళ్లలో నీళ్లు రావడం కూడా ఎప్పుడో ఆగిపోయింది.

మెస్సు నడిపే రాఘవేంద్రప్రసాద్ దూరపు వరసకు మేనల్లుడు. జీతం విషయంలో దూరం, పిలుపు విషయంలో దగ్గర. గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి, కూరగాయల తట్ట వైపు ఒకసారి, మామ వైపు ఒకసారి చూశాడు.

"అత్త తింటాండాదా మామా?"

"తింటాండాది. పళ్లెం కడిగిపెట్టినట్టుంటాది."

"అట్లయితే ఇంకో గంటె నెయ్యి పోయిస్తాలే" అని వెళ్లిపోయాడు.

గోవిందయ్య భార్య ప్రమీలమ్మకు కడుపులో గడ్డ. ఆసుపత్రి పెద్దది, అక్కడ డాక్టరు చెప్పిన మాట మాత్రం చిన్నది: ఇంటికి తీసుకుపోండి, తిన్నన్నాళ్లు ఉంటుంది. గోవిందయ్య ఆ మాటను వ్యాపారి చెవితో విన్నాడు. తింటే ఉంటుంది. కాబట్టి తినిపించాలి. అంతకు మించి అందులో ఆయనకేమీ కనపడలేదు. మొదట్లో ఒక రాత్రి ఆమె పళ్లెం పక్కకు నెట్టేస్తే, ఆయన కూడా తన అన్నంలో నీళ్లు పోసి లేచిపోయాడు. మరునాడు కూడా అంతే. ఆ తరువాత నుంచి ఆమె పళ్లెం ఖాళీ అవుతూ వచ్చింది. మధ్యాహ్నం మెస్సు నుంచి మెత్తటి పప్పన్నం తెచ్చి, ఆమె పక్కన పెట్టి, సాయంత్రం తరుగుడుకు వెనక్కి వచ్చేవాడు. పొద్దుగూకి ఇంటికి పోయేసరికి పళ్లెం కడిగి బోర్లించి ఉండేది. ఒళ్లు మాత్రం కరుగుతూనే ఉంది. తిన్నది ఎక్కడికి పోతోందో ఆయనకు అంతుపట్టలేదు. రోగం తింటోందేమో అనుకున్నాడు.

భోజనాల రద్దీ అయ్యాక టిఫిను గిన్నె ఒక చేత, పొట్టు బకెట్టు ఒక చేత పట్టుకుని బయలుదేరాడు. బీరకాయ చెక్కు, అరటి తొక్కలు, కడిగి ఆరబెట్టిన టీ పిప్పి, మీద ఎర్రగడ్డ పొట్టు. ఇవి మిద్దె మీద మొక్కలకు. వాళ్లుండేది మిద్దె మీద ఒంటి గది. గది ముందు పాత పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో మల్లె, మిరప, కరివేపాకు, పుదీనా, గోడ మీద తులసి. తోట అనడానికి ధైర్యం కావాలి గానీ, ప్రమీలమ్మ తోటనే అనేది.

ఆ తోటకు ఆమె పెట్టిన చట్టాలు రెండు. ఉప్పు తగిలింది వేయకూడదు. ఎంగిలి అసలే వేయకూడదు. ఆకు దేవుడికీ పోతుంది, కూరలోకీ పోతుంది, ఎంగిలి తిని పెరిగిన ఆకు రెంటికీ పనికి రాదంటుంది. ఒకసారి కింద పోర్షను సుచరిత, బిడ్డ తిన్న పళ్లెం కరివేపాకు డబ్బాలో కడిగింది. ప్రమీలమ్మ ఆ పిల్లను ఒక్క మాట కూడా అనలేదు. డబ్బాలో మట్టంతా గుమ్మరించి, తుంగభద్ర ఒడ్డు నుంచి కొంగులో కొత్తమట్టి మోసుకొచ్చి, మొక్కకు స్నానం చేయించి మళ్లీ నాటింది.

గదిలోకి పోయి అన్నం కలిపి మంచం పక్క పెట్టాడు. ఆమె కళ్లు తెరిచి, పెట్టిపోండి అన్నట్టు తల ఆడించింది. బయటికొచ్చి నానబెట్టిన ఎర్రగడ్డ పొట్టు నీళ్లు తీసుకుని పుదీనా దగ్గర కూర్చున్నాడు. పుదీనా కొద్దిరోజులుగా వాలిపోతోంది. కర్నూలు ఎండకు మనుషులే వాలిపోతారు, పుదీనా ఎంత అనుకున్నాడు. ఆకలేమోనని రోజూ పొద్దుగూకినాక ఇంకాస్త పొట్టు, ఇంకాస్త నీళ్లు పోస్తూ వచ్చాడు. ఈ రోజు పగటి వెలుతురులో చూస్తే మట్టి అంచున తెల్లటి పొర ఉంది. గోటితో గీరి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

చీమల బారు ఒకటి డబ్బాలోకి దిగుతోంది. చీమలు పోయే దారిలో వేలు దించాడు. మెత్తగా తగిలింది. పైమట్టి తీస్తే నిన్నటి పప్పన్నం, పచ్చపచ్చగా, నెయ్యి మరకతో సహా.

పక్కనున్న మిరప బకెట్టు తవ్వాడు. అక్కడ పులిసిన వాసన, మెతుకులు ఇంకా పోల్చుకునేట్టే ఉన్నాయి. దానికవతల మల్లె డబ్బాలో లోతుకు పోతే గానీ దొరకలేదు. అన్నం దాదాపు మట్టయిపోయింది. పిట్టగోడ దగ్గరి కరివేపాకు మాత్రం నిగనిగలాడుతోంది. ప్రమీలమ్మ మొదట మల్లె దాకా నడిచింది. తరువాత మిరప దాకా. ఈ మధ్య గడప మీద కూర్చుని చేయి చాపితే అందే పుదీనా దాకా. ఆమె నడక ఎట్లా తగ్గుతూ వచ్చిందో కుండీలన్నీ వరసగా చెప్పాయి. దేనితో తవ్వేదో మాత్రం చెప్పలేదు.

గోవిందయ్య మట్టి తిరిగి కప్పాడు. అరచేత్తో చదును చేశాడు. చేతులు కడుక్కుని లోపలికి పోయాడు. ఆమె గుమ్మం వైపే చూస్తోంది. అంతా చూసినట్టే ఉంది.

"ఎంగిలి గాదు" అంది. "నోట్లో పెట్టలే. ఎంగిలి మొక్కలకు వేస్తానా నేను?"

ఆయన మంచం పక్కన చతికిలబడ్డాడు. ఎన్నాళ్ల నుంచి అని అడగబోయి, అడగలేదు. కుండీలు చెప్పనే చెప్పాయి.

"దిగదు" అంది మళ్లీ. "దిగదంటే మీరూ తినరు. పారేద్దామంటే అన్నమాయె."

కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. ప్రసాద్‌కు ఫోను చేసి, ఈ పూట ఇంకెవరితోనైనా కోయించుకోమని చెప్పి పెట్టేశాడు.

"ఈడే కూచొని తినండి. నేను చూస్తా" అంది.

ఆమె కోసం కలిపిన పళ్లెం ఒళ్లోకి తీసుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు, మింగాడు, మళ్లీ ముద్ద కలిపాడు. ఆమె ప్రతి ముద్దనూ పళ్లెం నుంచి నోటి దాకా కళ్లతో దిగబెడుతోంది.

"పప్పు బాగుండాదా?"

"ఉప్పు కొంచెం తక్కువ."

ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది, నవ్వడానికే కావచ్చు. ఆయన తల వంచి తింటూ పోయాడు. పళ్లెం ఊడ్చినట్టు తిన్నాడు. బయటికి పోయి కడిగి, బోర్లించి, చేయి పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె ఇంకా ఆయన కూర్చున్న చోటు వైపే చూస్తోంది. అయిపోయింది, తింటి, అని చెప్పాడు. కాసేపాగి మళ్లీ చెప్పాడు. తరువాత ఆమె కళ్లు మూసి, దుప్పటి సవరించి, కింద సుచరితను పిలవడానికి మెట్లు దిగాడు.

కర్మలన్నీ అయ్యాక మెస్సుకు పోయాడు. ఎర్రగడ్డ తల కోశాడు, తోక కోశాడు. ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండు మామా అని ప్రసాద్ అంటే, ఉండి ఏం తరగాల అన్నాడు. అందరూ నవ్వారు. తాను నవ్వలేదని ఆయనకు తెలియలేదు.

సాయంత్రం పొట్టు బకెట్టు గది ముందు దించాడు. ఉప్పెక్కిన మట్టికి మేత పనికి రాదు, కడగాలి. మంచినీళ్లు పట్టుకొచ్చి మల్లెకు పోశాడు, మిరపకు పోశాడు, అడుగు బెజ్జాల నుంచి తేటగా కారేదాకా మళ్లీ మళ్లీ పోశాడు. చివరికి గడప దగ్గర కూర్చుని పుదీనా డబ్బాకు పోశాడు. మట్టి నెమ్మదిగా కుంగింది. కుంగిన చోట, మెడ దాకా మట్టిలో దిగి, కాడ గుమ్మం వైపుకు వాలి, ఒక స్టీలు చెంచా.