గుమ్మం బయట బూట్లు

ఎయిర్‌పోర్టు బస్సు వంతెన దగ్గర దింపేసింది. అక్కడినుంచి ఆ రాత్రి బస చేసే హాస్టల్‌కి నడిచే దారి. ఫోన్‌లో దారి చూస్తూ మరదలు ముందు నడిచింది. వదిన వెనక వచ్చింది. ఇద్దరి వీపుల మీదా సంచులున్నాయి. అవి వదిన కుట్టినవే. ఆవిడ టైలరు. మరదలు ఆసుపత్రిలో నర్సు. విమానం ఎక్కి పరాయి దేశం రావడం ఇద్దరికీ ఇదే మొదలు.

మర్నాడు పొద్దున ఊరి చివరినుంచి నడక మొదలుపెట్టాలి. కొండల మీదుగా ఊరినుంచి ఊరికి, మూడు వారాలు. ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో ఇంటి దగ్గరే మాట్లాడి పెట్టుకున్నారు. ఒక్క రోజు జారిందంటే తర్వాతివన్నీ జారతాయి.

నడవాలన్నది వదిన కోరిక. చిన్నప్పుడు గోడ మీదనుంచి పడితే ఆవిడ ఎడమకాలు విరిగింది. అతుక్కుంది గాని, బొటనవేలి మందం పొట్టిగా అతుక్కుంది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆవిడతో అనే మాట ఒకటే, నువ్వు కూర్చోమ్మా, మేం వెళ్లొస్తాం అని. అలా మిషను ముందు కూర్చునే యాభై దాటింది. చివరికి బస్టాండు పక్కన చెప్పులు కుట్టే తాతని పట్టుకుని, ఎడమ అడుగు ఎత్తుగా ఉండే బూట్లు చేయించుకుంది. మొదటి జత కరిచింది. రెండో జతకి అడుగు ఊడింది. మూడోది కుదిరింది. కాలికి అలవాటు పడాలని వాటితోనే మిషను తొక్కింది. టైలరక్క మిలిటరీలో చేరిందని వీధంతా నవ్వుకుంది. రెండో రోజుకే ఇద్దరూ కారెక్కకపోతే నన్నడగండని ఆవిడ మొగుడు పందెం కాశాడు.

హాస్టల్ ఒక సందులో ఉంది. మరదలు తలుపు తోసుకుని నేరుగా కౌంటర్ దాకా వెళ్లిపోయింది. వదిన గుమ్మం దగ్గరే ఆగింది. లోపల నేల అప్పుడే తుడిచినట్టున్నారు, తడి ఆరలేదు. తుడుపుకర్ర గోడకి ఆనించి ఉంది. ఆవిడ మెట్టు మీద కూర్చుని లేసులు విప్పి, బూట్లు రెండూ జతగా గోడవార పెట్టి, మేజోళ్లతో లోపలికి వచ్చింది.

"తుడిచిన నేల మీద బూట్లేసుకుని నడిచావేమే? ఎవరి నడుం పడిపోయిందో ఏమో."

"ఇక్కడ అందరూ అలాగే నడుస్తారు వదినా."

"నడవనీ. మనకేం పోయేకాలం?"

కౌంటర్లో ఉన్నావిడ నడుముకి తాళాల గుత్తి వేలాడుతోంది. మెట్లెక్కేలోగా వీళ్లిద్దరూ ఆవిడకి తాళాలావిడ అని పేరు పెట్టేశారు. తాగడానికి నీళ్లిచ్చి, గది చూపించి, కిటికీ ఎలా తెరుచుకుంటుందో చేసి చూపించి ఆవిడ కిందికి వెళ్లింది. వీళ్లు స్నానాలు చేసి నడుం వాల్చారు.

సాయంత్రం మరదలు ఏదైనా తినడానికి దొరుకుతుందేమో చూడబోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చి మంచం అంచున కూర్చుంది.

"వదినా, నీ బూట్లు లేవు."

"గోడవార పెట్టాను."

"గోడవారా చూశాను. చెత్తడబ్బా వెనకా చూశాను."

ఇద్దరూ కిందికి దిగి తాళాలావిడని అడిగారు. ఒకరి మాట ఒకరికి ఫోనే తర్జుమా చేసి చెప్పింది. ఈ వీధిలో ఇంటికి అక్కర్లేనివి గుమ్మం బయట పెడతారట. కావలసినవాళ్లు తీసుకుపోతారట. కుర్చీలు, గిన్నెలు, పిల్లల బట్టలు అలాగే ఇల్లు మారతాయట. జతగా సర్దిపెట్టిన బూట్లంటే తీసుకోండని చెప్పినట్టే, ఎవరూ దొంగిలించలేదు అంది ఆవిడ.

వదిన గుమ్మం వైపు చూసింది.

"గుడి దగ్గర చెప్పులు పోతే పీడ వదిలిందనుకుంటాం. ఇక్కడ గుడి కూడా లేదు. ఏమనుకోవాలే?"

మరదలు కొత్తవి కొందామంది. కొత్తవాటికి రెండడుగులూ సమానంగా ఉంటాయి. లోపల అట్ట పెడదామంది. అంత మందం అట్ట పెడితే మడమ బూటులో నిలవదు. ఇక మిగిలింది బస్సు. నడిచే దారి పొడుగునా బస్సులున్నాయి, బస్సులో తిరుగుదామంది.

"బస్సులో తిరగడానికైతే మన ఊళ్లో బస్సుల్లేవా?" అని వదిన మేజోళ్ల వైపు చూసుకుంది.

ఆ మాట ఎవరూ ఫోన్‌కి చెప్పలేదు. అయినా తాళాలావిడ లేచింది. ఎవరివో ప్లాస్టిక్ చెప్పులు తెచ్చి వదిన ముందు పెట్టింది. కౌంటర్‌కి తాళం వేసి, రమ్మని చెయ్యూపి వీధిలోకి నడిచింది.

గాజుసామాన్ల కొట్లో అడిగారు. కూరగాయల కొట్లో అడిగారు. వెళ్లిన ప్రతిచోటా తాళాలావిడ వదిన ఎడమకాలు చూపించి, బొటనవేలు అడ్డంగా పెట్టి మందం చెప్పింది. సైకిళ్లు బాగుచేసే అతను చక్రం తిప్పడం ఆపి, సందు చివర లాండ్రీ వైపు చెయ్యి చూపించాడు.

లాండ్రీలో ఒకావిడ ఇస్త్రీ చేస్తోంది. వీపు గుమ్మం వైపు ఉంది. బూట్లు ఆవిడ కాళ్లకే ఉన్నాయి. మరదలు వదిన మోచెయ్యి పట్టుకుంది.

తాళాలావిడ ఇంకా నోరు విప్పలేదు. అడుగుల చప్పుడుకి ఇస్త్రీ చేస్తున్నావిడ వెనక్కి తిరిగింది. వదిన గుమ్మంలోంచి బల్ల వైపు వస్తోంది. ఎడమకాలు వేసినప్పుడల్లా ఒళ్లు ఆ పక్కకి దిగి, మళ్లీ లేస్తోంది. ఇస్త్రీ ఆవిడ ఆ కాళ్లు చూసింది. వంగి తన కాళ్లు చూసుకుంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్టూలు లాక్కుని లేసులు విప్పడం మొదలుపెట్టింది.

కుడి బూటులోంచి మడత పెట్టిన తువ్వాలు ముక్క తీసింది. రెండు కాళ్లూ సమానం కావడానికి పెట్టుకుందట. మొదట నేల వాలుగా ఉందనుకుందట, తర్వాత తన వెన్నుపూసే పోయిందనుకుందట. ఫోన్ ఈ మాట చెప్పగానే తాళాలావిడ పకపకా నవ్వింది. ఇస్త్రీ ఆవిడా నవ్వింది. నవ్వుతూనే బల్ల కిందనుంచి తన పాత బూట్లు లాగి తొడుక్కుంది. అవి గుడ్డ బూట్లు. కుడిదానికి పక్క కుట్టు ఊడి చిటికెనవేలు బయటికి కనబడుతోంది.

వదిన తన బూట్లు వేసుకుని లేచి నిలబడింది. తాళాలావిడ ఫోన్ వదిన నోటి దగ్గర పెట్టింది.

"ఏం చెప్పనే దీనికి?"

"థాంక్స్ చెప్పు వదినా."

"అది మధ్యాహ్నం నీళ్లిచ్చినందుకే చెప్పేశాను. ఇదీ అదీ ఒకటేనా?"

ఫోన్ ఇదంతా ఏమని తర్జుమా చేసిందో గాని, ఆ ఇద్దరూ తెరవైపు చూసి తలూపారు. వదిన ఇస్త్రీ ఆవిడ ముందు కూర్చుని కుడి బూటు విప్పమని సైగ చేసింది. ఆవిడ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపింది. వదిన చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బూటు చేతికొచ్చాక భుజానికి వేలాడే చేతిసంచీలోంచి సూదీ దారం తీసి, దారాన్ని రెండు పేటలు చేసి పళ్లతో తెంపింది. బెత్తెడు కుట్టు ఊడితే జానెడు కుట్టింది.

బయట దీపాలు వెలిగాయి. రేపు పెందలాడే లేవాలి, వెళ్దామా అని మరదలు అడిగింది. వదిన ముడి వేసి బూటు అటూ ఇటూ లాగి చూసి, ఆవిడ కాలి దగ్గర పెట్టింది.

"ఎడమది కూడా ఇమ్మను."

"అది బాగానే ఉంది కదా వదినా."

"రెండూ ఒక ఈడువి కాదుటే? మనం వెళ్లాక ఊడుతుంది. ఇమ్మను."