తల కోసిన చేప

పొద్దున్నే పడవలు రేవుకి చేరే వేళకి ఆమె మంచుపెట్టె పట్టుకుని వెళ్లేది. చెరువులో పెంచిన చేపలు ఆమెకి పనికిరావు. సముద్రంలో తన తిండి తనే వెతుక్కున్న చేప కావాలి. దాన్ని ప్రయోగశాలకి తెచ్చి, పొట్ట కోసి, పేగులో ఉన్నదాన్ని ఉప్పు కలిపిన జెల్లీ పళ్లేల మీద రాసి, చల్లటి అలమరలో పెట్టేది. చేప కడుపులో కాపురముండే సూక్ష్మజీవులు అక్కడ చుక్కలు చుక్కలుగా పెరిగేవి. వాటిలో ఏవి తిండి అరిగిస్తాయో, ఏవి రోగం తెస్తాయో తేల్చడమే ఆమె ఉద్యోగం. తోటివాళ్లు ఆమెని కడుపుల మేడం అనేవాళ్లు.

పళ్లెం మూత తీస్తే ఆ చుక్కలు చేప విన్నవన్నీ అప్పజెప్పేవి. వాటి నోట్లో నువ్వుగింజ నానదు. కానీ సముద్రంలో చేప వినేది ఏముంటుంది? ఇంజన్ల రొద, లంగరు గొలుసు చప్పుడు, వల లాగేవాళ్ల తిట్లు. పనికి అడ్డమని అందరూ చుక్కలు చూసుకుని టక్కున మూతలు వేసేసేవాళ్లు.

ఆమె భర్త పోయి ఏడాది దాటింది. అతనూ, అతని అన్నా ఇద్దరే ఒక పడవ మీద వెళ్లేవాళ్లు. చుక్కాని అన్నది, వల తమ్ముడిది. ఒకరోజు అన్న ఒక్కడే తిరిగొచ్చాడు. తమ్ముడు పడవ అంచున కునుకు తీస్తూ జారిపోయాడనీ, పడ్డ చప్పుడైనా తనకి వినపడలేదనీ రేవంతా వినేలా ఏడ్చాడు. పడవ నిండా మాత్రం చేపలున్నాయి.

అప్పట్నుంచి ఆ బావగారే ఆమెకి పెద్ద దిక్కు. రేవు దాకా ఎందుకు శ్రమ అంటూ తన చేపలే ఇంటికి తెచ్చిచ్చేవాడు. తలలు కోసి మరీ తెచ్చేవాడు. నీకు కావలసింది కడుపేగా అనేవాడు. తలకాయలు తోడికోడలి కూరకి పోతున్నాయి కాబోలు అనుకుని ఆమె పట్టించుకోలేదు.

ఒకసారి బండల మధ్య బతికే పెద్ద చేప ఒకటి తెచ్చాడు, బాగా ముసలిది. మామూలుగానే పళ్లెం పెట్టి, మర్నాడు మూత తీసింది.

"అన్నా, వల కోసెయ్. పడవ ఇటు తిప్పు."

అది ఆమె భర్త గొంతు. పైనుంచి బావగారి గొంతు తొందరేమీ లేకుండా బదులిచ్చింది.

"కోస్తే చేపలన్నీ పోతాయిరా. వల పైకి లాగేసి వస్తా, అందాకా ఈదుతుండు."

అన్నా అని మళ్లీ పిలుపు. ఆ తర్వాత నీళ్ల చప్పుడే.

ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. చేప విన్నది తలలో ఉంటుందని రేవులో వాళ్ల నమ్మకం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకుండానే ఈ పెద్దమనిషి ఇన్నాళ్లూ తలలు కోసుకుంటూ వచ్చాడు.

పోలీసులకి చెప్పొచ్చు. వాళ్లు తీసుకెళ్లి గదిలో కూర్చోబెట్టి వేళకి అన్నం పెడతారు. ఆ అన్నమే ఆమెకి గిట్టలేదు. తిన్న ప్రతి ముద్దకీ తమ్ముడు లోపల్నుంచి పిలుస్తుంటే ఎన్నాళ్లు తింటాడు? తిండి మానేసి, ఎండి చావాలి.

చిక్కల్లా వేడితోనే. సముద్రపు చేప కడుపు చల్లన, మనిషి కడుపు వెచ్చన. ఆమె అలమర వేడి కొంచెం పెంచింది. చుక్కలు చాలావరకు చచ్చాయి. బతికినవాటిని కొత్త పళ్లేనికి మార్చి, ఉప్పు తగ్గించి, మళ్లీ కొంచెం పెంచింది. ఒక్కోసారి గొంతు సన్నబడి గొణుగుడైపోయేది. వానాకాలం వచ్చి పోయింది. చివరికి ఒంటి వేడిలో కూడా ఒక పళ్లెం అన్నా అని స్పష్టంగా పిలిచింది. ఆ సాయంత్రం ఆమె ఆ చుక్కలతో పాలు తోడేసింది.

సెలవురోజు అత్తగారితో కలిసి బావగారింట్లోనే భోజనం. అతను ఆమె తెచ్చిన పెరుగు మళ్లీ వేయించుకుని, గడ్డలా తోడుకుందమ్మా అని మెచ్చుకున్నాడు. ఆమె గిన్నె అడుగు దాకా అతనికే వడ్డించింది.

తర్వాత అతను భోజనం వేళ రేడియో పెద్దగా పెట్టడం మొదలుపెట్టాడు. ఆపైన ఆకలి లేదంటూ పస్తులున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆమె వచ్చినప్పుడల్లా ఆ బుగ్గలు చూసి తృప్తిగా వెళ్లేది.

ఒకనాడు అత్తగారు రేడియో కట్టేసి, ఒట్టు పెట్టి మరీ కొడుకుని తన ఎదుట తినమంది. రెండో ముద్ద మింగాడో లేదో, చొక్కా కిందనుంచి తమ్ముడు వల కొయ్యమన్నాడు. వెంటనే అతని గొంతే అతని కడుపులోంచి బదులు చెప్పింది. తోడికోడలు లేచి, కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని గొణుక్కుంటూ కిటికీలు మూసింది.

కన్నతల్లి ఏమని శపిస్తుందోనని చిన్నకోడలు చూసింది. ముసలావిడ శపించలేదు. కుర్చీ దగ్గరకి లాక్కుని, పెద్దకొడుకు పొట్టకి చెవి ఆనించి చివరిదాకా వింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఇంకో ముద్ద కలిపింది.

"తిను."

"వద్దమ్మా. నన్ను చావనీ."

"నువ్వు చస్తే వాడు మళ్లీ పోతాడు. నోరు తెరు."

అతను నోరు తెరిచాడు. ఆ పూటా, ఆ తర్వాత ప్రతి పూటా కంచం ఖాళీ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. అతనికి కడుపులో బాగోకపోతే వైద్యుణ్ణి పిలిపించింది, జలుబు చేస్తే దుప్పటి కప్పింది. కొద్దిరోజులకే బుగ్గలు నిండాయి.

అతను ఎప్పుడు చస్తాడా అని ఎదురుచూసిన చిన్నకోడలు, అప్పట్నుంచీ ముద్దముద్దకీ ఆ పిలుపు వింటూ అతను నిండు నూరేళ్లు బతకాలని మనసారా కోరుకుంది.