అమావాస్య బండి

ఆసియా వాళ్ళది పంచాంగం చూసే ఇల్లు కాదు. నానమ్మ మాబున్నీసా గోడకు తగిలించిన కేలండర్లో రంజాన్ నెల ఎప్పుడొస్తుందో చూడటం తప్ప ఆ ఇంట్లో తిథులతో ఎవరికీ పనిలేదు. అందుకే, ఎయిడ్స్ పరీక్షల బండిని వినుకొండ రోడ్డులోని లారీ స్టాండుకు ఎప్పుడు పంపమంటావని ఆసుపత్రిలో అడిగినప్పుడు, శుక్రవారం కాకపోతే చాలని, వాళ్ళు చెప్పిన తేదీకి ఎగిరి గంతేసి ఒప్పుకుంది.

తీరా చూస్తే ఆ రోజు అమావాస్య.

ఈ సంగతి ఆమెకు ఆ రోజు పొద్దున ఏడింటికి, స్టాండు గేటు దగ్గర ఆటోలోంచి బూడిద గుమ్మడికాయలు దించుతుంటే చూశాక గానీ తెలియలేదు. అమావాస్య నాడు లారీ కదలదు. బండి కడుగుతారు, నిమ్మకాయలు కడతారు, గుమ్మడికాయ కొడతారు, కడుపునిండా తిని పడుకుంటారు. కొత్త పని మాత్రం చచ్చినా మొదలుపెట్టరు. అలాంటి రోజున వేలు గుచ్చి రక్తం తీస్తామని వచ్చి నిలబడటమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఈ బండి కోసం ఆమె ఆరు నెలలు కాళ్ళరిగేలా తిరిగింది. ఇరవై మూడేళ్ళ ఆసియా, తనలాంటి మరో అయిదుగురు కలిసి నరసరావుపేటలో చిన్న యువజన సంఘం నడుపుతున్నారు. పరీక్షకు ఆసుపత్రికి రమ్మంటే స్టాండు కుర్రాళ్ళు రారు. ఆ పరీక్ష గది ముందు నిలబడితే ఎవరైనా చూస్తారని భయం. వాళ్ళు రాకపోతే మనమే పోదామని ఆసియా పట్టుబట్టింది. పెద్ద డాక్టరు మెత్తబడ్డాడు గానీ ఒక మెలిక పెట్టాడు. సాయంత్రానికి నలభై మంది వస్తే బండి నెలనెలా వస్తుంది. రాకపోతే మొదలూ ఆఖరూ ఇదే.

పైకి నలభై అంటోంది గానీ, ఆమె మనసులో ఉన్నది ఒక్కడే. నకరికల్లు నుంచి వచ్చి ఈ మధ్యే స్టీరింగు పట్టిన నవీన్. ఇరవై ఒక్కేళ్ళవాడు. ఈ జబ్బు ఎలా వస్తుంది, ఎన్నాళ్ళకు బయటపడుతుంది అని మూడు వారాలుగా ఆమె ఫోనుకు ఒకటే మెసేజులు. అన్నీ 'మా ఫ్రెండు కోసం' అట. ఆ ఫ్రెండెవరో తెలియనంత అమాయకురాలేమీ కాదు ఆసియా. ఇవాళ ఆమెను చూడగానే, ఆయిలు కారుతోందన్న వంకతో వాడు లారీ కిందకు దూరిపోయాడు.

పదకొండయినా ఒక్కడూ రాలేదు. పరీక్ష చేసే ఉష గ్లౌజులు తొడుక్కుని ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఆసియా మాత్రం లారీ లారీకీ తిరుగుతూనే ఉంది. చివరికి త్రికోటేశ్వరరావు దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు, స్టాండుకు పెద్ద. ఆయన చేత్తో నిమ్మకాయ కట్టిన బండికి ఢోకా ఉండదని అందరి నమ్మకం.

"ఇయ్యాల రక్తం కళ్ళజూడకూడదమ్మాయ్. పున్నానికి రా, చూద్దాం" అన్నాడాయన, గుమ్మడికాయకు పసుపు రాస్తూ.

పున్నమికి వస్తే ఇక్కడ ఎవరుంటారు, సగం మంది రోడ్ల మీదే కదా అని చిరాకుగా అనేసింది. ఆ మాట నోరు దాటాక గానీ అందులోని సంగతి ఆమెకే తట్టలేదు. నెల మొత్తంలో ప్రతి లారీ, ప్రతి డ్రైవరూ స్టాండులోనే ఉండేది ఈ ఒక్కరోజే! తను చేసింది తప్పు కాదు, ఏరికోరి ముహూర్తం పెట్టినట్టే అయింది. ఆసియాకు నవ్వాగలేదు.

"పెదనాన్నా, ఆ కాయ ఎందుకు కొడతన్నావు?"

"ఎందుకేందమ్మా, దిష్టి పోవద్దా? కీడు పోవద్దా?"

"కొత్త పని పెట్టుకోకూడదు, ఒప్పుకుంటా. ఉన్న కీడు దీసేసుకునేది ఇయ్యాలే గదా. లోపల ఏముందో తెలవకపోవటమే మనకి కీడు. బండికి దిష్టి దీసి, దాన్ని తోలేవోణ్ణి వదిలేస్తే ఎట్టా?"

గుమ్మడికాయ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. త్రికోటేశ్వరరావు అందరినీ ఒకసారి చూసి, కాయను నేలకేసి కొట్టి, పసుపు అంటిన చెయ్యి కడుక్కుని తిన్నగా పరీక్షల బండి ఎక్కాడు. ఉష ముందు వేలు చాపాడు. పెద్దాయన బోణీ చేశాక ఇంక ఆగేదెవరు?

ఒంటిగంటకు వరుస గేటు దాటింది. పేర్లు లేవు, చీటీల మీద నంబర్లే. ఫలితం తెర వెనక ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నారు. భోజనానికెళ్ళినవాళ్ళు పక్క స్టాండు వాళ్ళనూ వెంటబెట్టుకొచ్చారు. మూడింటికి నలభై దాటింది. మరో పెట్టె తెప్పించమని ఉష కేకేస్తుంటే ఆసియాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చీటీలు అయిపోతే బీడీకట్టల కాగితాలు చింపి నంబర్లు వేసింది.

అయిదింటికి అంతా సర్దుతుండగా నవీన్ వచ్చాడు. చీటీ అడగలేదు, తలొంచుకుని తెర వెనక్కి వెళ్ళాడు. బయటికొచ్చేసరికి అరగంట పట్టింది. ఏమైందని అడగటం సంఘం పద్ధతి కాదు. ఆసియా అడగలేదు. వాడే వచ్చి ఆమె పక్కన టైరు మీద కూలబడ్డాడు.

"ఫ్రెండు కాదక్కా, నేనే. ఖాయం చేసుకోటానికి రేపు ఇంకో పరీక్షకి రమ్మన్నారు. చచ్చిపోతానా?"

ఆసియా చెయ్యి సంచిలోకి పోయి అక్కడే ఆగింది. ఇల్లు దాటి ఈ మాట చెప్పనని నానమ్మకు ఒట్టేసింది. సంఘంలో కూడా ఎవరికీ తెలియదు. భయం వేసింది, నిజంగానే వేసింది. అయినా తెల్లటి మందుడబ్బా తీసి వాడి చేతిలో పెట్టింది.

"నాకు పుట్టినప్పట్నించీ ఉందిరా. రోజుకొక్క గోళీ, అంతే. మానకుండా ఏసుకున్నా గాబట్టి ఇప్పుడు పరీక్షలో పురుగే కనపడట్లా. రేపు పెళ్ళాడినా నా మొగుడికి అంటదు. పొద్దుట్నించి మీ లారీల చుట్టూ తిరిగింది నేనే గదా, చచ్చిపోయేదాన్లాగుందా?"

నవీన్ డబ్బా వంక చూశాడు, ఆమె వంక చూశాడు. కళ్ళలో నీళ్ళతోనే నవ్వొచ్చింది వాడికి. అవతల త్రికోటేశ్వరరావు, వచ్చే అమావాస్య ఏ వారం వచ్చిందో ఉషను రాసుకోమని గట్టిగా చెబుతున్నాడు.

"ఎన్నింటికి ఏసుకుంటావక్కా?"

"రాత్రి తొమ్మిదింటికి."

వాడు ఫోను తీసి, నల్లటి ఆయిలు వేళ్ళతో తొమ్మిదింటికి అలారం పెట్టాడు.

"నాకింకా మందు ఇయ్యలేదుగా," అన్నాడు. "అప్పటిదాకా నీకు గుర్తు జేస్తా."