మూడు దినాల నీళ్ళు

నేను ఒక కొలతటేపును. బట్టలు కుట్టేవాడు మెడలో వేసుకునే రకం కాదు, బోరుబావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చెప్పే టేపును. నా ఒళ్ళు నూరు మీటర్లు, చక్రానికి చుట్టుకుని ఉంటాను. కొసన వేలెడంత ఇనుపముక్క. అది నీటిని తాకిందంటే పైన చక్రం కుయ్యిమంటుంది. అంతే నా విద్య.

పుట్టింది నెదర్లాండ్స్‌లో. అక్కడ గడ్డపార వేస్తే నీళ్ళు. ఆ నీళ్ళను పొలాల్లోంచి బయటికి తోడిపొయ్యడానికే ఆ జనం తరతరాలుగా అవస్థ పడుతున్నారు. నన్ను పరీక్షించిన రోజు రెండు మీటర్లు దిగకముందే కూశాను. మిగతా తొంభై ఎనిమిది మీటర్లు దండగ కదా అని నవ్వుకున్నాను. రాయలసీమకు వచ్చాక ఆ నవ్వు మళ్ళీ రాలేదు.

రెండు మూడు దేశాలు కలిసి భూగర్భజలాన్ని కాపాడే పథకం పెట్టాయి. రైతులే తమ బోర్లు కొలుచుకోవాలి, ఉన్న నీటిని బట్టి పంట వేసుకోవాలి. ఆలోచన బంగారం. నన్ను ఓబులమ్మ చేతికిచ్చారు. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి, చదివింది ఏడో తరగతి, ఉన్నది మూడెకరాల చీనీతోట, అంటే బత్తాయి. తనదీ కలిపి ఊరి బోర్లు పదకొండింటిని పదిహేను రోజులకోసారి కొలిచి, పాలకేంద్రం గోడ మీద సుద్దతో రాసేది. జనం పంచాంగం చూసినట్టు ఆ గోడను చూసేవాళ్ళు. నీళ్ళు తగ్గాయని తెలిసిన రోజు మోటారు ఇంకో గంట ఎక్కువ వేసేవాళ్ళు, పక్కవాడు తోడేస్తాడేమోనని! నేను చూపించిన అంకెకు ఇదా ఫలితం అని నాకు మతిపోయింది.

ఓబులమ్మ బోరు లోతు తొంభై మీటర్లు. ఫిబ్రవరిలో అరవై దగ్గర కూశాను, మార్చిలో ఎనభై దగ్గర. ఏప్రిల్లో అడుగుదాకా దిగినా బురదే తగిలింది. ఆమె ఆ బురదను కొంగుతో తుడిచి, గోడ మీద తన పేరు ఎదుట సున్నా చుట్టింది. పన్నెండేళ్ళు పెంచిన చెట్లు. అప్పటికే ఆకు ముడుచుకుంటోంది. ఇంకో నెల నీళ్ళు లేకపోతే అవి పొయ్యిలోకే.

మే నెలలో విదేశీ అతిథులు వస్తున్నారని కబురు వచ్చింది. పెళ్ళివారు వస్తున్నట్టు ఊరు తయారైంది. పాలకేంద్రానికి సున్నం కొట్టారు, దాంతో పాత అంకెలన్నీ పోయాయి. సర్పంచి వన్నూరప్పవి నాలుగు బోర్లు. ఊరి పరువు నిలబడాలంటే కొత్త అంకెలు బాగుండాలని, మూడు రోజులు ఎవరూ మోటారు వెయ్యకూడదని ఆయన దండోరా వేయించాడు. తమ చెట్ల కోసం గంటసేపు ఆపనివాళ్ళు దొరల కోసం మూడు రోజులు ఆపారు.

నాలుగో రోజు పొద్దున ఓబులమ్మ అలవాటు చొప్పున నన్ను తన బోరులోకి దించింది. యాభై ఎనిమిది మీటర్ల దగ్గర కుయ్యిమన్నాను. ఇద్దరమూ ఉలిక్కిపడ్డాం. ఆమె నమ్మక పైకి లాగి మళ్ళీ దించింది. మళ్ళీ అక్కడే. ముప్ఫై రెండు మీటర్ల నీళ్ళు! ఇన్నాళ్ళూ చుట్టుపక్కల బోర్లు తెరిపి లేకుండా లాగుతుంటే ఇటు నీరు ఊరడానికి వీలు లేకపోయింది, అంతే. ఓబులమ్మ బోరు గట్టున కూలబడి ఏడ్చింది. అందులో సంతోషం కంటే కోపమే ఎక్కువ.

అతిథుల్లో కెన్యా నుంచి వచ్చిన రైతు ఒకామె ఉంది. ఈ పద్ధతి నేర్చుకుని తన ఊరికి తీసుకుపోవాలని వచ్చిందట. మిగతావాళ్ళలా ఆమె గోడ మీది కొత్త అంకెలు చూసి రాసుకోలేదు. తిన్నగా చీనీతోటలోకి నడిచి, ముడుచుకున్న ఆకు తుంచి చూసి, బోరులో ఇన్ని నీళ్ళుంటే చెట్టు ఎందుకు ఎండుతోందని అడిగింది. దుబాసీ ఆ మాట తెలుగులో చెప్పాడు. వన్నూరప్ప కళ్ళతోనే వద్దన్నాడు. ఓబులమ్మ ఆగలేదు.

"మీరొస్తాండారని ఊరంతా మూడు దినాలు మోటార్లు ఆపినారు తల్లీ. అందుకే నా బోరులో నీళ్ళొచ్చినాయి. మీరు బండెక్కితానే మళ్ళా వేస్తారు. వారంలో కొన్ని దినాలు ఇట్లే ఆపుకుంటే నా చెట్లు బతుకుతాయి. మీ నోటితో ఆ మాట చెప్పిపోండి."

పథకం అధికారి గొంతు సవరించుకున్నాడు. దుబాసీ ఆయన వైపు చూసి, ఈసారి ఎండలు మండిపోతున్నాయని ఈమె అంటోందని చెప్పాడు. రెండు భాషలూ తెలిసిన నేను నిర్ఘాంతపోయాను. నీరు తగిలితే తప్ప నోరు పెగలని పుట్టుక నాది.

అతిథులు సంతోషించారు. కెన్యా ఆమె మాత్రం ఆ ఆకును చేతిలోనే ఉంచుకుని కారెక్కింది. కారు కల్వర్టు దాటకముందే పది మోటార్లు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు, అనుకున్నది నెరవేరిందని పథకాన్ని ముగించారు. నన్ను వాళ్ళ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టి, కింద చీటీ అంటించారు: 'ముప్ఫై రెండు మీటర్లు పెరిగిన నీటిమట్టం.'

ఆగస్టులో ఓబులమ్మ వచ్చింది. వెనకాలే వన్నూరప్ప! ఆయన బోర్లు కూడా రెండు ఎండిపోయాయట. వంతులవారీగా మోటార్లు ఆపుకోవడానికి ఊరు ఒప్పుకుంది గానీ, కొలత లేనిదే ఒకరి మాట ఒకరు నమ్మడం లేదని, నన్ను ఇప్పించమని ఇద్దరూ అడిగారు. అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. మీ ఊళ్ళో నీళ్ళు పెరిగాయి కదా, ఇక కొలవడమెందుకని చీటీ చూపించాడు.

ఓబులమ్మ ఆ చీటీని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"సగం చెట్లు కొట్టేసినాం సార్," అంది. "మీరు రాసిన నీళ్ళు మీ అద్దంలోనే పెట్టుకోండి. మా టేపు మాకియ్యండి."

దరఖాస్తు పెట్టుకోమన్నాడు ఆయన. పెట్టి వెళ్ళింది. అది నా పెట్టె పక్కనున్న బల్ల మీదే ఉంది, ఇంకా ఎవరూ విప్పలేదు.