పడని మందులు

ఆపరేషన్ గది నుంచి ఫోన్ వచ్చేసరికి ఆస్పత్రి రికార్డుల గుమాస్తా ఇంకా భుజం మీది సంచి కూడా దించలేదు.

"అక్కా, స్పృహ లేని ముసలాయన్ని తెచ్చారు. జేబులో మన కార్డుంది. నంబరు కొడితే పడని మందుల గడి నిండా ప్రశ్న గుర్తులే," అంది నర్సు. "డాక్టర్లు ఇంజెక్షన్ ఇచ్చెయ్యమంటున్నారు."

"పది నిమిషాలు ఆపమ్మా."

"ఐదుకి మించి ఆగరు."

ఆ గుర్తులు ఎక్కడివో ఆమెకు వెంటనే తెలిసింది. నిన్న పాత కంప్యూటర్లోని ఫైళ్ళను కొత్తదానిలోకి ఎక్కించింది తనే. కంప్యూటర్‌కు అక్షరం ముక్క రాదు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అనే పట్టిక పాతదానికి ఒకటి, కొత్తదానికి ఇంకొకటి. ఫైలు మార్చేటప్పుడు పాత పట్టిక పేరు చెప్పాలి. ఇంటికెళ్ళే హడావిడిలో ఈ మహాతల్లి చెప్పలేదు. తనకు తెలియని ప్రతి అక్షరాన్నీ కొత్త యంత్రం పారేసి, ఆ చోట ప్రశ్న గుర్తు పెట్టింది. నంబర్లు సరిగ్గా ఉన్నాయని చూసి ఈమె సరేననుకుంది.

పాతదాన్ని పొద్దున్నే తుడిచెయ్యమని, ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే మరిదికి చెప్పిందీ తనే. ఆమె మెట్లు దిగలేదు, దూకింది.

"ఆపు," అంది కింది గది గుమ్మంలోంచే.

మరిది తల గోక్కున్నాడు. "పాత సాఫ్ట్‌వేర్ తీసేశా వదినా. ఫైళ్ళ జోలికి ఇంకా పోలేదు." ఫైలు తెరిచి మొహం వేలాడేశాడు. తెర నిండా డాలర్ గుర్తులు, వంకర గీతలు, కొమ్ములున్న పరాయి అక్షరాలు. "ఇదీ పోయింది. అంతా చెత్తే."

వదినకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది.

"చెత్త కనబడిందంటే అంకెలు చెక్కుచెదరలేదు. చదివే పట్టికే తప్పు. లే."

అతని కుర్చీలో కూర్చుంది. రెండుసార్లు తప్పు పట్టిక నొక్కింది. మూడోసారికి తెర మీద మాటలు కుదురుకున్నాయి.

'పెన్సిలిన్ పడదు. ఒకసారి ప్రాణం మీదికొచ్చింది.'

ఆరేళ్ళ కిందట తనే టైపు చేసిన వాక్యం. ఫోన్లో చదివి వినిపించింది.

"సిరంజిలో నింపింది అదే అక్కా," అంది నర్సు. "ఇప్పుడు వేరేది తీస్తున్నారు. ఇలా ఎందుకైందని పెద్ద డాక్టరుగారు అడుగుతున్నారు."

మరిది గుసగుసలాడాడు. "కొత్త కంప్యూటర్ మీదికి తోసెయ్ వదినా. దానికి నోరు లేదుగా."

ఆ మాట ఆమె చెవికి తియ్యగానే తగిలింది. ఉద్యోగం పోతుందని భయం వేసింది. తెర మీది వాక్యాన్ని ఇంకోసారి చదువుకుంది.

"సరిచూడకుండా ఎక్కించింది నేనేనని చెప్పమ్మా," అంది. "ఆ గడి అందరిదీ పోయింది. నిన్న సాయంత్రం నుంచి ఎవరెవరికి ఏ ఇంజెక్షన్ ఇచ్చారో ఆ జాబితా తీసిపెట్టు. నేనొస్తున్నా."